నీళ్ళ లెవెల్

మా ఇంట్లో మూడో గది తలుపు మధ్యాహ్నం మూడింటికి తనంతట తానే తెరుచుకుంటుంది. గాలి అనడానికి లేదు, ఆ గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీని నేనే మూసి గడియ పెట్టాను. ఎలుకలు అనడానికీ లేదు, తలుపులు తీయడం వచ్చిన ఎలుకలైతే ముందు నా వంటింటికే వచ్చేవి. దగ్గరగా వేసిన తలుపు ముందు కిర్రుమంటుంది. తర్వాత అలవాటైన మనిషి భుజంతో తోసుకొచ్చినట్టు, నింపాదిగా గోడదాకా వెళ్ళి ఆగుతుంది. నేను వెళ్ళి మూస్తాను. మర్నాడు మళ్ళీ మామూలే. ఐదు నెలలుగా ఇదే వరస.

“బయట గొళ్ళెం పెడితే సరిపోతుంది కదా,” అన్నారు మావారు. ఆయన ఇళ్ళకు ప్లాన్లు గీస్తారు. ఏ సమస్యకైనా కాగితం మీద పరిష్కారం ఉంటుందని నమ్ముతారు.

“పెట్టొద్దు,” అన్నారు మామగారు. “వాడు ఎప్పుడూ తాళంచెవి మర్చిపోయే రకం.”

వాడు అంటే మా మరిది, ఆ గది వాడిదే. చిన్నప్పుడు ఒకచోట కుదురుగా ఉండేవాడు కాదని ఇంట్లో అందరూ ‘గాలోడు’ అని పిలిచేవాళ్ళట. పెద్దయ్యాక నిజంగానే విమానం నడిపే ఉద్యోగం తెచ్చుకుని మా నోళ్ళు మూయించాడు. మా తీరం నుంచి మూడు వందల మైళ్ళ దూరంలో ఉన్న దీవులకు టపా మోసే చిన్న విమానం అది. పొద్దున్న వెళ్ళి, మధ్యాహ్నం మూడింటికి మా మేడ మీదుగా తిరిగొచ్చేవాడు. నేను అప్పుడు ఆరిన బట్టలు తీస్తుండేదాన్ని. రెక్కలు ఇటూ అటూ ఊపేవాడు. సాయంత్రం భోజనాల దగ్గర, “వదినా, అన్నయ్య నీలం చొక్కా చంకలో చిరిగింది. పైనుంచి స్పష్టంగా కనబడింది,” అనేవాడు. వెళ్ళి చూస్తే నిజంగానే చిరిగి ఉండేది. అది వాడు పొద్దున్నే చూసి పెట్టుకుని చెప్పేవాడని నాకు రెండేళ్ళకు గానీ తెలియలేదు.

ఐదు నెలల క్రితం ఒకరోజు మూడైంది, నాలుగైంది, బట్టలు తీసి మడతలు పెట్టడం కూడా అయిపోయింది. వాడు రాలేదు. మర్నాడు విమానాల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వెళ్ళేదారిలో నూరో మైలు దగ్గర, రేడియోలో వాడు ఆఖరుగా అన్న మాట చెప్పాడు. “మబ్బులో ఉన్నాను. లెవెల్‌గానే పోతున్నాను.” పదకొండు రోజులు వెతికారు. ఒక టపా సంచి మాత్రం నీళ్ళ మీద దొరికింది. తడిసిన ఉత్తరాలు ఆరబెట్టి ఎవరివి వాళ్ళకు అందజేశారట. మాకు అందవలసిన కబురు మాత్రం అందలేదు.

“సంచి జారిపడి ఉంటుంది,” అన్నారు మామగారు. కన్నీళ్ళు పెట్టలేదు.

మామగారు నలభై ఏళ్ళు తాపీమేస్త్రిగా చేశారు. ఈ ఇల్లు ఆయన కట్టిందే. నేల మీద గోళీ పెడితే పెట్టినచోటే ఉంటుందని చుట్టాలందరికీ గోళీ పెట్టి మరీ చూపించేవారు. గాలోడికి ఉద్యోగం వచ్చిన రోజున తన పనిసంచిలోంచి జానెడు ఇత్తడి లెవెల్ తీసి వాడి చేతిలో పెట్టారు. లోపల గాజుగొట్టం, అందులో పచ్చటి ద్రవం, ద్రవంలో బుడగ. “దీన్ని ఎదురుగా పెట్టుకో. బుడగ మధ్యలో ఉన్నంతసేపూ నీకేం కాదు,” అన్నారు. వాడు బుద్ధిమంతుడిలా తలూపి జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రమే వంటింట్లోకి వచ్చి దాన్ని నా చేతిలో పెట్టాడు.

“దాచు వదినా. నాన్నకు చెప్పకు.”

“అదేంటి, నీ ప్రాణరక్ష కదా?”

“నేల మీద దీన్ని మించింది లేదు. గాలిలో మాత్రం ఇది అబద్ధాలకోరు. విమానం పక్కకు వాలి చుట్టూ తిరుగుతున్నా, తనకేం పట్టనట్టు మధ్యలోనే కూర్చుంటుంది.”

“మరి నువ్వు తిన్నగా పోతున్నావని నీకెలా తెలుస్తుంది?”

“తిన్నగా ఎవరు పోతారు? భూమి గుండ్రం కదా. దాంతోపాటు నేనూ వంగుతూ పోతాను. డెబ్బై మైళ్ళకు ఒక డిగ్రీ. దీవులు చేరేసరికి నాలుగు డిగ్రీలు వంగి ఉంటాను.”

“ముక్కు కిందికి దించుతూ ఉంటావా?”

“దించను. కిందికి లాగేది భూమి, పైకి మోసేది రెక్కలు. రెండూ సరిపోయినంతసేపూ అదే వంగుతుంది. వంగుతున్నట్టు నాకు తెలియను కూడా తెలియదు. అన్నయ్యకు పెళ్ళయ్యాక తెలిసిందా? అలాగే.”

గరిటె చూపిస్తే పారిపోయాడు. లెవెల్‌ని నా కుట్టుమిషను సొరుగులో, జిప్పుల కింద పెట్టాను. అది అక్కడే ఉంది. విమానంతోపాటు పోయిందని మామగారు అనుకుంటున్నారు.

వాడు పోయిన రెండో నెలలో మా చిన్నది బడిపాఠం పైకి చదువుతోంది. భూమి మొదటి మైలుకు ఎనిమిది అంగుళాలు వంగుతుంది, రెండో మైలు చివరికి ముప్పై రెండు అంగుళాలు, అలా పెరుగుతూ పోతుంది అని. కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్న మామగారు కళ్ళు తెరిచారు. “మళ్ళీ చదువు,” అన్నారు. మళ్ళీ చదివింది. చెవి వెనకనుంచి పెన్సిల్ తీసి గోడ మీదే లెక్క మొదలుపెట్టారు. ఆ గోడకు ఆ ఏడే సున్నం వేయించాం.

ఆ మర్నాటి నుంచి మూడింటికి మూడో గది తలుపు తెరుచుకోవడం, మామగారు గొడుగు పట్టుకుని మేడెక్కడం ఒకేసారి జరిగేవి. మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లు ఎక్కితే మీ ఇష్టం అన్నాడు డాక్టరు. ఆయన ఇష్టమే ఎక్కడం. గంటసేపు తల పైకెత్తి నిలబడేవారు. మొన్న ఐదో మెట్టు దగ్గర జారి మడమ వాచింది. అయినా కుంటుతూ ఎక్కారు. ఈసారి జారితే మెట్ల కింద దొరుకుతారని మావారికి భయం.

“నువ్వు ఫిజిక్స్ చదివావు కదా, ఏదో ఒకటి చెప్పి ఆపు,” అన్నారు. పదిహేనేళ్ళలో నా డిగ్రీ ఆయనకు గుర్తురావడం అదే మొదటిసారి.

మర్నాడు నేనూ మేడెక్కాను.

“ఏం చూస్తున్నారు మామయ్యగారూ?”

“నూరో మైలు దగ్గర కదమ్మా మాట ఆగింది. అక్కడే నేలకంటే ఆరువేల ఆరువందల అడుగులు ఎక్కువ ఎత్తులో ఉన్నాడు. మూడొందల మైళ్ళకు అరవైవేలు. భూమి వంగింది, దీవులు ఎక్కడో కింద ఉండిపోయాయి, వీడు తిన్నగా పోయాడు.”

“పెట్రోలు అయిపోదా?”

“అంత పైన గాలే ఉండదట. ఆపేదెవరు?”

ఆయన అన్నీ ఆలోచించే ఉన్నారు. ఎర్రటి ఎండలో ఆయన పక్కన నిలబడి నేనూ పైకి చూశాను. ఏమీ లేదు. ఏమీ లేకపోవడం అంత ఎత్తుగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

“ఆ లెవెల్ ఇచ్చింది నేనే,” అన్నారు మెల్లగా. “బుడగ మధ్యలో ఉంచుకో అన్నాను. వాడు ఉంచుకున్నాడు. ఆఖరి మాట కూడా అదే చెప్పాడు, లెవెల్‌గానే పోతున్నానని. నేను ఇవ్వకపోతే కళ్ళతో నేల చూసుకుంటూ పోయేవాడు. నేనే పంపేశాను అమ్మాయ్, నా కొడుకుని.”

సొరుగులో ఉన్న వస్తువు గురించి నోటిదాకా వచ్చింది. చెబితే, నా లెవెల్ తీసుకెళ్ళి ఉంటే బతికేవాడు అంటారేమో. చెప్పకపోతే ఈ మెట్లు. రెండూ కాక మూడోది అడిగాను.

“మామయ్యగారూ, మీ పనిలో లెవెల్ అంటే దారం లెవెలా, నీళ్ళ లెవెలా?”

పిచ్చిప్రశ్న వేసినట్టు చూశారు. గోడకు ఈ చివర మేకు, ఆ చివర మేకు, మధ్య బిగించిన దారం ఒక పద్ధతి. నీళ్ళు నింపిన పొడుగాటి గొట్టం రెండు చివర్లా పట్టుకుని, నీళ్ళు ఎక్కడ నిలిస్తే అక్కడ గీత పెట్టడం ఇంకో పద్ధతి.

“రెండూ ఒకటే.”

“గోడకు ఒకటే. గొట్టం మూడొందల మైళ్ళుంటే? ఇటు కొస మన దగ్గర, అటు కొస దీవుల దగ్గర.”

“అప్పుడూ నీళ్ళు రెండువైపులా లెవెల్‌లోనే…” అని ఆగిపోయారు. గొడుగు కొంచెం పక్కకు ఒరిగింది. “సముద్రం వంగి ఉంటుంది కదా. నీళ్ళూ దాంతోపాటే వంగుతాయి. దారం వంగదు.”

ఆయన ఖాళీ చెయ్యి గాలిలో ఏదో గొట్టం కొస పట్టుకున్నట్టు కదిలింది.

“పెద్దకాలవ కట్టినప్పుడు,” అన్నారు, “మైలు మైలుకీ ఇంజనీరు కొన్ని అంగుళాలు తీసేసి రాసేవాడు. భూమి వంపు అనేవాడు. దొంగలెక్క అనుకున్నాను. ముప్పై ఏళ్ళు ఆ మనిషిని దొంగనుకున్నాను.” గొడుగు భుజానికి ఆనించుకుని, “బుడగ ఉండేది ద్రవంలో. అదీ నీళ్ళ జాతే.”

“గాలి కూడా అంతే. భూమి మీద నీళ్ళలాగే పరుచుకుని ఉంటుంది. విమానంలో ఆ గాలి బరువు చూసి ఎత్తు చెప్పే ముల్లు ఉంటుంది. ముల్లు కదలకపోతే లెవెల్ అంటారు. వాడన్నది నీళ్ళ లెవెల్.”

“అయితే బుడగ తప్పు లేదు.”

“లేదు. మీ తప్పూ లేదు.”

గెలిచాననుకున్నాను. ఆయన గొడుగు మూసి, ఇన్నాళ్ళూ పైకెత్తిన తల దించి, ఇళ్ళ కప్పుల మీదుగా సముద్రం ఉన్న వైపు చూశారు.

“అయితే వాడు పైన లేడు.”

నేను ఆయన చేతిలోంచి గొడుగు అందుకున్నాను.

“నా తప్పు ఉన్నంతకాలం వాడు పైన ఉన్నాడమ్మా,” అన్నారు. “నువ్వు తప్పు తీసేశావు.”

ఆ రోజు ఆయన్ని దింపడానికి మెట్టు మెట్టుకీ చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. ఐదు నెలల తర్వాత మొదటిసారి ఏడ్చారు. మావారు పక్కన కూర్చుని వీపు నిమిరారు. వంటింట్లో నేను కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

మూడు రోజులు మేడెక్కలేదు. తలుపు మాత్రం తెరుచుకుంటూనే ఉంది. నాలుగో రోజు మూడింటికి కిర్రుమనగానే మామగారు పనిసంచితో వచ్చి గది ముందు కూర్చున్నారు.

“ద్వారబంధం ఒరిగి ఉండాలి. అందుకే తెరుచుకుంటోంది. చూద్దామంటే లెవెల్ లేదు.”

నేను వెళ్ళి సొరుగు తీశాను. జిప్పుల కింద అది చల్లగా తగిలింది. తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. బొటనవేలితో దాని మూలనున్న పాత సొట్ట తడిమి చూశారు.

“వాడిచ్చాడా?”

“ఉద్యోగంలో చేరకముందే. మలుపులో ఇది అబద్ధం చెబుతుందట. మీకు చెప్పొద్దన్నాడు.”

తిడతారని నిలబడ్డాను. ఆయన దాన్ని అటూ ఇటూ వంచి బుడగను చూశారు.

“వాడికి వాడి పని తెలుసు,” అన్నారు. ఆ మాటలో ఉన్న గర్వం గాలోడు వినవలసింది.

లెవెల్‌ని బంధానికి నిలువుగా ఆనించారు. నిలువు చూడటానికి దానికి ఇంకో చిన్న బుడగ ఉంది. అటు చూశారు, ఇటు చూశారు. చివరికి గడప మీద అడ్డంగా పెట్టారు. అన్నిచోట్లా బుడగ సరిగ్గా మధ్యలోనే ఉంది. వెంట్రుకంత తేడా లేదు.

“నేను కట్టింది ఒరగదు,” అన్నారు, సంతోషించాలో లేదో తెలియనట్టు. తలుపు దగ్గరగా వేశారు. ఇద్దరం ఎదురుగా కూర్చుని అరగంట చూశాం. కదల్లేదు.

“మనం చూస్తుంటే సిగ్గేమో,” అని లేచి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళారు. లెవెల్ గడప మీదే ఉంది.

తలుపు కిర్రుమంది. నింపాదిగా గోడదాకా వెళ్ళి ఆగింది. గడప మీద ఎవరో కాలు మోపి లోపలికి వెళ్ళినట్టు బుడగ ఒక పక్కకు జారి, అక్కడ కాసేపు ఉండి, మెల్లగా వెనక్కి వచ్చింది.

పెరట్లోంచి మామగారు అడిగారు. “ఏమంటోందమ్మా బుడగ?”

“మధ్యలోనే ఉంది మామయ్యగారూ,” అన్నాను.

అప్పటికి అది నిజమే.