చివరి పేజీ పెద్దమనిషి

"వయసెంత?" అని అడిగి, జవాబు వినకుండానే ఆయన నాలుగో అర వైపు చెయ్యి చాపాడు. ఎదురుగా నిలబడ్డావిడ యాభై రెండు అని ఇంకా అననేలేదు. ఆకుపచ్చ చీటీ అంటించిన లావుపాటి నవల ఒకటి తీసి బల్లమీద పడేశాడు.

"ఇది బాగుంటుందాండీ?"

"మీ వయసువాళ్లకి బాగుంటుంది."

ఆ గ్రంథాలయంలో 'సరదాగా చదవడానికి' అని బోర్డు తగిలించిన బల్ల దగ్గర ఆయన ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్నాడు. వయసుకో అర, అరకో రంగు చీటీ. చదువరులు చాటుగా ఆయన్ని 'వయసెంత' అంటారని ఆయనకి తెలుసు. వాళ్లెవరూ ఆయన లెక్కలోకి రారు. సరదా కోసం చదివేవాళ్లంటే పనీపాటా లేనివాళ్లని ఆయన అభిప్రాయం. దయ్యాల కథలడిగే కాలేజీ పిల్లలన్నా, నవ్వొచ్చేదేదైనా ఇవ్వమనే ముసలివాళ్లన్నా మొహం మాడ్చుకునేవాడు.

ఇంతా చేసి ఈ పెద్దమనిషి చదివేది చివరి పేజీ. కొత్త పుస్తకాలు రాగానే ఒక్కోదాన్ని వెనక్కి తిప్పి చూస్తాడు. అక్కడ ఎవరూ ఏడవకపోతే అది సరదా పుస్తకం. పూటకి అరవై తేల్చేస్తాడు. కొన్ని వేల కథల ముగింపు ఆయనకి తెలుసు, ఒక్కటీ ఎలా మొదలవుతుందో తెలియదు. అందుకు సిగ్గుపడాలని కూడా ఆయనకి తోచలేదు.

ఇంట్లోనూ అదే వరస. భార్య ఏదైనా చెప్పబోతే "చివరికేమైందో చెప్పు" అనేవాడు. ఆవిడ చెప్పడం మానేసి చాలా ఏళ్లయింది.

ఆ రోజు పదకొండింటికి లైబ్రేరియన్ పిలిచింది. ఆయనకంటే పదిహేనేళ్లు చిన్నది. చేతిలో పసుపు చీటీ ఉన్న పిల్లల పుస్తకం.

"ఇది ఐదేళ్ల పాపకి ఇచ్చారట. మధ్యలో కుక్కపిల్ల చచ్చిపోతుంది. పాప మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదని వాళ్ల నాన్నమ్మ వచ్చి గొడవ. మీరిది చదివారా?"

"చివర్లో అందరూ నవ్వుతూనే ఉన్నారు మేడం."

ఆవిడకి సంగతి అర్థమైంది.

"ఒక్కటంటే ఒక్క పిల్లల పుస్తకం మొదటినుంచీ చదివి, ఎందుకు బాగుందో నాలుగు ముక్కలు రాసివ్వండి. సాయంత్రం నాలుగింటికల్లా. లేకపోతే రేపట్నుంచి మీరు స్టోర్ రూమ్‌కి. ఈ బల్ల ఇంకొకరు చూసుకుంటారు."

ఆయనకి ఒళ్లు మండింది. ఎదుటివాళ్ల వయసడిగి, వాళ్లకేది తగునో తేల్చే ఆ కాస్త పెత్తనమే ఆయన బతుకులో సంపాదించిందంతా. స్టోర్ రూమ్‌లో చిరిగిన పుస్తకాల ముందు ఆ దర్జా చెల్లదు.

చేతికందినవాటిలో పల్చటిది ఎంచుకున్నాడు. ఉత్తరాలు పంచే బాతు కథ. బుద్ధి పోనిచ్చుకోక ముందుగా వెనకట్ట తెరిచాడు. చివరి ఆకు ఎవరో చింపుకుపోయారు. ఇంకోటి తెచ్చుకుందామంటే గాజు తలుపు వెనకనుంచి లైబ్రేరియన్ చూస్తోంది.

"బాతుకి ఉద్యోగం ఎవడిచ్చాడు?" అని గొణుక్కుంటూ మొదటి పేజీ తిప్పాడు. జీతమెంతో, పర్మనెంటో కాదో రాయలేదు. తలాతోకా లేని రాత. ఎనిమిదో పేజీలో బాతు సంచితోసహా చెరువులోకి దిగి ఉత్తరాలన్నీ తడిపేసింది. ఆయన పెదవి విరిచాడు. ఇరవయ్యో పేజీలో, వానలు లేక తన ఆరోగ్యం దెబ్బతిందని, మళ్లీ వాన పడేదాకా సెలవు ఇప్పించాలని అది దరఖాస్తు పెట్టుకుంది. ఆయన గొంతులోంచి ఏదో చప్పుడొచ్చింది.

పక్క బల్ల గుమాస్తా దగ్గనుకున్నాడు. "మంచినీళ్లు తెమ్మంటారా?"

"నీ పని నువ్వు చూసుకో."

మధ్యాహ్నం ఎవరో వచ్చి మంచి పుస్తకం ఇమ్మంటే, "మీరే చూసి తీసుకోండి" అని చెయ్యి విసిరాడు. వయసు అడగలేదు.

నాలుగింటికి లైబ్రేరియన్ వచ్చింది. "రాశారా?"

"ఇంకా అవ్వలేదు మేడం." తల కూడా ఎత్తలేదు. అప్పటికి ఇరవయ్యో పేజీకి మూడుసార్లు వెనక్కి వెళ్లొచ్చాడు.

తొంభై పేజీల పిల్లల పుస్తకంతో రోజంతా కుస్తీ పడే మనిషిని ఇన్నేళ్లు ఆ కుర్చీలో ఉంచినందుకు ఆవిడ తన ముందువాళ్లని మనసులోనే తిట్టుకుంది. లోపలికెళ్లి, బల్లని గుమాస్తాకి అప్పగిస్తూ కాగితం టైపు చేయించింది.

ఐదున్నరకి అటెండరు ఫ్యాన్లు ఆపుకుంటూ వచ్చాడు. "ఏంటి సార్, కునుకేశారా? రేపట్నుంచి స్టోర్ రూమ్‌లో తీరిగ్గా పడుకుందురుగానీ, లేవండి." భుజం తట్టాడు. మనిషి పక్కకి ఒరిగాడు.

పక్కవీధి డాక్టరు వచ్చి చూసి గుండె ఆగిందన్నాడు. భార్య తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది.

"అప్పుడు ఏం చేస్తున్నారమ్మా?" అని లైబ్రేరియన్‌ని అడిగింది.

"చదువుతున్నారండీ. పిల్లల పుస్తకం."

"ఈయనా?" అంది ఆవిడ. బల్లమీది పుస్తకం వైపు చూసి, "ఏం కథది?" అంది.

లైబ్రేరియన్ కూడా అది చదవలేదు.

బల్లమీద పుస్తకం డెబ్బై మూడో పేజీ దగ్గర తెరిచే ఉంది, రెండు పేజీల నడుమ మడతలో ఒక బిస్కెట్ తునక, దాన్ని వెతుక్కుంటూ వచ్చిన చీమ ఒకటి.