మధ్య స్టేషన్

విశాఖ నుంచి కాకినాడ దాకా రహస్య సమాచారం పంపే క్వాంటమ్ లైనుకు డిజైన్ గీయడం నా ఉద్యోగం. రహస్యం ఒక్కొక్క వెలుగు రేణువు మీద వెళుతుంది. ఎవరైనా దొంగచాటుగా తొంగిచూస్తే రేణువు చెడిపోయి మనకు తెలిసిపోతుంది. చిక్కల్లా దూరమే. చాలా రేణువులు దారిలోనే తప్పిపోతాయి, నకలు తీసి మళ్ళీ పంపడం కుదరదు. అందుకే తునిలో ఒక మధ్య స్టేషన్ పెట్టాను. ఇటు తాళం అక్కడ తీసి, అటు కొత్త తాళం వేసి పంపాలి. ఆ స్టేషన్‌కు అన్నీ తెలుస్తాయి. నమ్మడం తప్ప దారి లేదు.

"ఇంకో ఇరవై ఊళ్ళు తుని మీదే కలిపేద్దాం, కేథరిన్," అన్నారు మా పెద్దసారు గురునాథరావు గారు. బొమ్మ మీద గీతలే కదా, ఆయనకేం.

"రెండో స్టేషన్ కావాలి సార్. అదొక్కటీ పడిపోతే అన్నీ ఆగిపోతాయి."

"బాగానే నడుస్తోందిగా?"

నా డిజైన్ మళ్ళీ వెనక్కి వచ్చింది. వాదించే ఓపిక లేక బస్సెక్కాను.

మా ఇల్లు విశాఖలోనే, జాలరిపేట పక్కన. నాన్న పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. అన్నయ్య బెన్సన్ పరవాడలో మందుల కంపెనీలో చేస్తాడు. చెప్పకుండా పెళ్ళి చేసుకున్నాడని నాన్న వాడితో మాట్లాడడం మానేశాడు. ఇద్దరి మాటలూ అమ్మే మోసేది. నిరుడు అమ్మ పోయింది. ఆ మోత నాకొచ్చి పడింది.

ఈ ఆదివారం అమ్మ జ్ఞాపకార్థ ప్రార్థన. "నాన్న పిలిస్తే వత్తానని సెప్పు," అంటాడు అన్నయ్య. "ఆడొత్తానంటే పిలుత్తానని సెప్పు," అంటాడు నాన్న. వారమంతా ఇదే వరస. వాడు లేకుండానే ప్రార్థన అయిపోతుందని నాకు భయం పట్టుకుంది.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పలేదు, నాన్న అడిగాడు. "ఏటన్నాడు?"

అమ్మ ఎంత అలిసిపోయి ఉంటుందో అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. అన్నయ్యకు ఫోను కలిపి, స్పీకర్ పెట్టి, నాన్న చేతిలో ఉంచి వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడగడం మొదలుపెట్టాను.

"సెప్పు కేథరిన్," అన్నాడు అన్నయ్య. నాన్న దగ్గాడు. "నాన్నా?"



"మీ సెల్లి బాగా అలిసిపోనాదిరా," అన్నాడు నాన్న.

నేను కుళాయి కట్టేశాను.

అన్నయ్య అన్నాడు, "ఆదివారం వత్తన్నాను నాన్నా."

నేను చేతులు తుడుచుకుని వచ్చి నిలబడినా, నాన్న ఫోను నాకివ్వలేదు.