నాలుగు సెకన్ల తేడా

పరీక్ష అత్తగారిది, చెమటలు కోడలివి.

పదకొండు గంటల పరీక్షకి అత్తగారు తొమ్మిదిన్నరకే తయారైపోయింది. తల నున్నగా దువ్వుకుంది, ఇస్త్రీ బట్టలు కట్టుకుంది, గోళ్లు కత్తిరించుకుంది, కుర్చీ ఎత్తు సరిచేసుకుని కంప్యూటర్ ముందు నిటారుగా కూర్చుంది.

"కెమెరా లేదు కదత్తయ్యా, వాళ్లు మిమ్మల్ని చూడరు" అంది కోడలు.

"వాళ్లు చూడకపోతేనేం, నా వేళ్లు నన్ను చూస్తాయిగా" అంది అత్తగారు.

ఆమె ఇరవై తొమ్మిదేళ్లు బజారులో ఒక మేడ మీద గదిలో టైపు నేర్పింది. అందరూ టైపు టీచరమ్మ అనేవారు. ఏ ఆఫీసుకి వెళ్లినా, ఆమె చేతి స్కేలు దెబ్బ వేళ్ల మీద తిన్నవాళ్లు ఒకరైనా లేచి నిలబడేవారు. నేర్చుకునేవాళ్లు తగ్గిపోయి మూడేళ్ల కిందట గది మూసేసింది. గది మూసింది గానీ వేళ్లు ఊరుకోలేదు. భోజనాల బల్ల మీద, సోఫా చేతి మీద, చివరికి దిండు మీద కూడా టకటకలాడుతూనే ఉండేవి. ఆ వేళ్లని గమనించడం కోడలికి ఒక సరదా. "ఇప్పుడు 'ఉప్పు తక్కువైంది' అని కొట్టారు కదూ?" అంటే అత్తగారు పగలబడి నవ్వేది.

డాక్టర్లు మాట్లాడి రికార్డు చేసిన రిపోర్టులని ఇంట్లోనే కూర్చుని విని టైపు చేసేవాళ్లు కావాలని ఒక ఆసుపత్రి వేసిన ప్రకటన కోడలి కంటపడింది. దరఖాస్తు నింపిందీ ఆమే. ఆసుపత్రివాళ్లు పెట్టిన షరతులు మూడు. వయసు అరవై దాటకూడదు. పరీక్ష కంప్యూటర్లోనే రాయాలి, ఫోన్లో కుదరదు. పదకొండుంబావు దాటితే లోపలికి రానివ్వరు. పరీక్ష ఏడాదికొక్కసారే పెడతారు. అత్తగారికి వచ్చే నెల పదో తారీకుకి అరవై నిండుతాయి. ఇవాళ తప్పితే ఇక ఆ వేళ్లకి దిండే గతి.

పది గంటలకి, ఒకసారి చూసి పెడదామని కోడలు పరీక్ష పేజీ తెరవబోయింది. అది తెరుచుకోలేదు. తెల్లటి తెర మీద 'మీ కనెక్షన్ సురక్షితం కాదు' అని ఒక్క ముక్క వచ్చి కూర్చుంది. వేరే పేజీ కొట్టి చూసినా అదే ముక్క, వార్తల పేజీ కొట్టినా అదే.

"ఏమైందే?" అంది అత్తగారు.

"ఏం లేదత్తయ్యా, కొంచెం ముక్కుతోంది" అంది కోడలు.

ఇంట్లో ఇలాంటివి చూసేది ఆమె భర్త. అతను బస్సు డ్రైవరు. స్టీరింగు ముందు ఉన్నంతసేపూ ఫోన్ కట్టేసి ఉంటుంది. పక్కింటికి తాళం. బజారులో నెట్ సెంటర్ పన్నెండయితే గానీ తెరవరు. కోడలు తనే మోకాళ్ల మీద కూర్చుని బల్ల కిందకి దూరింది. నెట్ పెట్టె లైట్లన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. తీగ ఊడదీసి, కొన శుభ్రంగా తుడిచి, మళ్లీ టక్కుమనేలా దోపింది. పైకొచ్చి చూస్తే అదే ముక్క. తన ఫోన్లో అదే వైఫై మీద వార్తల పేజీ తెరిస్తే రెప్పపాటులో వచ్చేసింది.

'అంటే నెట్ వస్తోంది. ఈ ఒక్క కంప్యూటరే అలిగింది' అనుకుంది.

నెట్ కంపెనీకి ఫోన్ చేసింది. చాలాసేపు పాట వినిపించాక ఒకమ్మాయి పలికింది.

"మేడమ్, ముందు కంప్యూటర్ ఆపేసి, ప్లగ్ పీకేసి, నిమిషం ఆగి పెట్టండి. నెట్ పెట్టె కూడా అంతే."

"నేను లెక్కపెడతా" అని అత్తగారు అరవై దాకా టైపు క్లాసులో లెక్కపెట్టినట్టు గట్టిగా లెక్కపెట్టింది. అవతలి అమ్మాయి కిసుక్కుమంది.

కంప్యూటర్ మళ్లీ వెలిగేసరికి మామగారు గదిలోకి వచ్చాడు. నలభై ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తున్న మనిషి. భార్య పరీక్ష కోసం ఇవాళ షాపు కూడా తెరవలేదు. ఇంట్లో తొమ్మిది గడియారాలుంటే తొమ్మిదీ ఒక్క గొంతుతో కొట్టుకోవాలి. ఒకటి ఒక్క సెకను వెనకబడినా ఆయనకి అన్నం సహించదు. నేరుగా తెర మూలకి వంగి చూశాడు.

"అదుగో, మళ్లీ పన్నెండు చూపిస్తోంది. పొద్దున కూడా ఇంతే. ప్లగ్ పీకితే చాలు, దీనికి మతిపోతుంది. జరుగమ్మా" అని, చేతి గడియారం చూసుకుంటూ గంటలు, నిమిషాలు సరిచేసి, సెకను ముల్లు పైకి రాగానే మీట నొక్కాడు. "ఇప్పుడు పది నలభై ఒకటి. వెంట్రుకవాసి తేడా లేదు."

"టైము సరే, నెట్ ఏదండీ?" అంది అత్తగారు.

"నెట్ నా డిపార్టుమెంటు కాదోయ్."

పేజీ తెరిచారు. మళ్లీ అదే ముక్క.

"మా వైపు అంతా బాగానే ఉంది మేడమ్" అంది ఫోన్లో అమ్మాయి. "కంప్యూటర్లో వైరస్ ఏమైనా ఉందేమో. పైవాళ్లకి కలుపుతాను, లైన్లో ఉండండి." పాట మళ్లీ మొదలైంది.

పదకొండు కొట్టింది. తొమ్మిది గడియారాలూ ఒక్కసారిగా పరీక్ష మొదలైందని చాటాయి. అత్తగారి వేళ్లు ఒళ్లో చేరి పైట చెంగు మీద గబగబా ఏదో కొడుతున్నాయి. ఈసారి ఏం కొడుతున్నారని కోడలు అడగలేదు.

"పోనీలేవే" అంది అత్తగారు కాసేపటికి. "నువ్వు మాత్రం ఎంతని పాట్లు పడతావు? వంటలో పడదాం పద."

"పదకొండుంబావు దాకా టైముందత్తయ్యా. మీరు లేవకండి."

"అయితే పొద్దున నేను కొట్టిన ఆ ప్రాక్టీసు కాగితమైనా తెరిచి పెట్టు. ఊరికే కూర్చుంటే వేళ్లు బిగుసుకుపోతున్నాయి."

ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని కోడలు ఆ ఫోల్డరు తెరిచింది. కొత్తగా కొట్టింది ఎప్పుడూ వరసలో అన్నిటికన్నా పైన ఉంటుంది. పైన లేదు. కిందికి, ఇంకా కిందికి వెళ్లింది. తన పెళ్లి ఫొటోల కన్నా కింద, అట్టడుగున కనిపించింది. పెళ్లయి ఆరేళ్లు. పొద్దున ఎనిమిదింటికి కొట్టిన కాగితం పెళ్లి కన్నా పాతదెలా అయింది?

పక్కనున్న తారీకు చదివింది. పదకొండేళ్ల కిందటి జనవరి ఒకటి.

కోడలు మెల్లగా తెర మూలకి చూసింది. పదకొండు గంటల ఆరు నిమిషాలు, సెకనుతో సహా ఒప్పు. దాని కింద చిన్న అక్షరాల్లో తారీకు. ఆ మూలని పొద్దుటి నుంచి అందరూ పదిసార్లు చూశారు. చూసిన ప్రతిసారీ గంటలూ నిమిషాలే చూశారు.

"మామయ్యా" అంది. "టైము పెట్టారు గానీ, సంవత్సరం పెట్టారా?"

"సంవత్సరమేంటమ్మా? గడియారంలో సంవత్సరం ఎక్కడుంటుంది?"

"ఇందులో ఉంటుంది మామయ్యా. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిందేమో, ప్లగ్ పీకితే తను పుట్టిన ఏడాదికి పోతోంది. ఇదివరకు ప్లగ్ పీకినా నెట్‌ని అడిగి తనే సరిచేసుకునేది. ఇప్పుడెందుకు చేసుకోలేదో..."

మామగారు గొంతు సవరించుకున్నాడు.

"మొన్న చూస్తే నా గోడ గడియారానికీ దీనికీ నాలుగు సెకన్లు తేడా వచ్చిందమ్మా. ఎక్కడో కూర్చుని ఎవడో చెప్పే టైముతో నా ఇంట్లో గడియారం నడవడమేంటని, ఆ తనంతట తనే సరిచేసుకునే మీట కట్టేశాను. రాత్రి ఉరుములొచ్చాయని ప్లగ్ పీకాను. పొద్దున టైము నేనే పెట్టాను, సెకనుతో సహా."

అత్తగారు ముక్కు మీద వేలేసుకుంది.

"నలభై ఏళ్లు అందరి టైమూ సరిచేసి, ఇంట్లో ఉన్న పెళ్లాన్ని పదకొండేళ్లు వెనక్కి తోశారా!"

"కోప్పడతావేంటోయ్? పదకొండేళ్లు చిన్నదానివయ్యావుగా!"

"అయితే మీకు తలనిండా జుట్టుండాలి, ఏదీ?"

"అయినా తారీకు తప్పితే నెట్‌కి ఏం రోగమమ్మా?" అన్నాడు మామగారు, కోడలి వైపు తిరిగి.

"ప్రతి పేజీ ముందుగా ఒక గుర్తింపు పత్రం చూపిస్తుంది మామయ్యా. ఏ రోజు నుంచి ఏ రోజు దాకా చెల్లుతుందో దాని మీద రాసి ఉంటుంది. మన కంప్యూటర్ లెక్కలో ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు. పుట్టని పత్రం చూపిస్తే దొంగపత్రం కాదూ? అందుకే ఎవర్నీ గుమ్మం దాటనివ్వడం లేదు." ఇలా చెబుతూనే ఆమె సంవత్సరం, నెల, తారీకు వరసగా మార్చేసింది. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఆ మీట మాత్రం మీరే వెయ్యండి. మీరు కట్టినది నేను వేస్తే బాగుండదు."

మామగారు భార్య ముఖం చూశాడు, మీట నొక్కాడు. మూలన అంకెలు ఉలిక్కిపడి నాలుగు సెకన్లు ముందుకి గెంతాయి. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు, పన్ను పీకించుకున్నవాడిలా.

పరీక్ష పేజీ తెరుచుకుంది.

అప్పుడు పదకొండు గంటల పదకొండు నిమిషాలు. కోడలు నంబరు కొట్టింది, పాస్‌వర్డ్ కొట్టింది. తొందరలో ఒకసారి తప్పింది, మళ్లీ కొట్టింది. 'స్వాగతం' అని వచ్చింది. సరిగ్గా అప్పుడే ఫోన్లో పాట ఆగి, "చెప్పండి మేడమ్, సమస్య ఏంటి?" అని ఒక పెద్ద గొంతు అడిగింది.

"పదకొండేళ్ల నాటి సమస్యండీ, ఇప్పుడే తీరింది" అని కోడలు ఫోన్ పెట్టేసింది.

అత్తగారు చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుంది. చెవిలో మాట నడుస్తోంది, కింద వేళ్లు నడుస్తున్నాయి. తల కదల్లేదు, చూపు మీటల మీదకి ఒక్కసారీ దిగలేదు. దిండు మీదా బల్ల మీదా మూగగా ఆడిన వేళ్లకి ఇన్నాళ్లకి చప్పుడు వచ్చిందని కోడలికి అనిపించింది. ఒకసారి మాత్రం అత్తగారు నొసలు చిట్లించి, హెడ్‌ఫోన్ చెవులకి అదిమి పట్టుకుంది. ఏదో మాట సరిగ్గా అందనట్టుంది.

గుమ్మంలో నిలబడ్డ మామగారు అది చూశాడు. చప్పుడు కాకుండా లోపలికి వచ్చి, ఆమె తల మీదుగా చెయ్యి చాచి, గోడ గడియారం లోలకాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఆపేశాడు. తర్వాత హాల్లోది, ఆ తర్వాత వంటింటిది. ఒక్కొక్క టిక్కుటిక్కూ ఆగిపోతూ ఇల్లంతా నిశ్శబ్దమైంది. అలాంటి నిశ్శబ్దం ఆ ఇంట్లో కోడలు కాపురానికొచ్చాక ఇదే మొదటిసారి వినడం. టైపు చప్పుడొక్కటే మిగిలింది.

అరగంటకి తెర మీద అంకెలొచ్చాయి. నిమిషానికి అరవై ఒక్క మాటలు, తప్పులు రెండు. కావలసింది నలభై అయిదు. కింద ఆకుపచ్చ అక్షరాల్లో 'మీరు ఎంపికయ్యారు. సోమవారం నుంచి పని పంపుతాము' అని ఉంది.

కోడలు అత్తగారి మెడ చుట్టూ చేతులేసి ఊపేసింది.

"ఉండవే, ఉండు" అంది అత్తగారు తెర దగ్గరికి వంగి. "ఆ రెండు తప్పులూ ఏంటో చూడనీ. నేను తప్పు కొట్టడమేంటి?"

"అత్తయ్యా, నెగ్గారు మీరు!"

"నెగ్గితే మాత్రం తప్పు తప్పు కాకుండా పోతుందా?"

సోమవారం పొద్దున మొదటి రికార్డు వచ్చింది. ఎవరో డాక్టరు ఒక రోగి మోకాలి గురించి మాట్లాడాడు. అత్తగారు రెండుసార్లు విని పెదవి విరిచింది. కోడలు వంటింట్లోంచి వచ్చేసరికి రిపోర్టు టైపు చేయడం అయిపోయింది, పంపడమూ అయిపోయింది. కానీ కింద ఇంకో రెండు వాక్యాలు కనిపించాయి.

'డాక్టరు గారూ, మీరు ప్రతి వాక్యం చివర ఒక మాట మింగేస్తున్నారు. దయచేసి నోరు బాగా తెరిచి, ఆగి ఆగి చెప్పండి.'

"అయ్యో అత్తయ్యా, ఇది కూడా పంపేశారా? ఉద్యోగంలో చేరి గంట కూడా కాలేదు!"

"చెప్పకపోతే ఎలా నేర్చుకుంటాడే?"

మధ్యాహ్నం అదే డాక్టరు దగ్గర్నుంచి ఇంకో రికార్డు వచ్చింది. కోడలు కూడా హెడ్‌ఫోన్‌కి ఒక పక్క చెవి ఆనించి భయంభయంగా వింది. ముందు ఒక చిన్న దగ్గు వినిపించింది. తర్వాత ఆ పెద్దమనిషి పలక పట్టుకుని నిలబడ్డ బడిపిల్లాడిలా ఒక్కో మాటా విడివిడిగా, చివరి అక్షరం దాకా పలుకుతూ చెప్పుకుపోయాడు.

"చూశావా, చెబితే వింటాడు" అని అత్తగారు కుర్చీలో సర్దుకుని, వేళ్లు మీటల మీద పెట్టింది.