ఫిర్యాదుల్లేని మూడు వారాలు

రామచంద్రం గారు మా ఆఫీసులో చేరింది 1999 జనవరిలో. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచి అప్పటికి రెండు నెలలు. చుట్టూ బండరాళ్ళు, తుమ్మచెట్లు. ఆ భవనం మూడో అంతస్తులో పదకొండు మందితో నడిచే చిన్న కంపెనీ మాది.

గొడవలున్న దేశాల్లో గనులు నడిపే విదేశీ కంపెనీలు మాకు ఖాతాదారులు. అక్కడ తిరుగుబాటు వస్తుందా, ప్రభుత్వం మారుతుందా, గని చేతిలోంచి పోతుందా అన్నది ముందుగా అంచనా వేసి చెప్పడం మా పని. వార్తలు, గనుల నుంచి వచ్చే ఫాక్సులు చదివి, ప్రతి గనికీ నూటికి ఇంత అని ప్రమాదం మార్కు వేసేవాళ్ళం. ఆ మార్కులు లెక్కగట్టే కంప్యూటర్ షీటు తయారుచేసింది నేనే. కాకినాడ నుంచి వచ్చి కొండాపూర్‌లో గది తీసుకుని ఉంటున్న ఇరవై నాలుగేళ్ళ రసజ్ఞని. ఆ షీటంటే నాకు కాస్త ఎక్కువే గర్వం.

"అందరం కాగితాలు చదివేవాళ్ళమే. గనిలో పనిచేసిన మనిషి ఒక్కరైనా ఉండాలి కదండీ" అని మా బాస్ సోమేశ్వరరావు గారు రామచంద్రం గారిని తీసుకొచ్చారు. గోదావరిఖని వైపు బొగ్గు గనుల్లో సంక్షేమ అధికారిగా ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయిన మనిషి. మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా, చేతిలో టిఫిన్ డబ్బా. మౌస్ పట్టుకుంటే బాణం తెర మీద ఎటో పారిపోయేది. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఆయనకు తెలుసు, పట్టించుకునేవారు కాదు. ఫాక్సులన్నీ ప్రింటు తీయించుకుని, పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదివేవారు.

మార్చి రెండో వారంలో ఆఫ్రికాలోని ఒక రాగి గని ఫైలు నా దగ్గర ఉంది. దేశం పేరు బయటపెట్టకూడదని ఒప్పందం, ఇప్పటికీ చెప్పను. ఆ గనికి ప్రమాదం మార్కు నలభై నుంచి ఇరవై ఆరుకు దించాను. రామచంద్రం గారు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఏంది బిడ్డా, దీనికి మార్కు తగ్గించినవ్?"

"మంచి సూచనే కదండీ. మూడు వారాలుగా ఊరివాళ్ళ నుంచి ఒక్క ఫిర్యాదు కూడా లేదు. అంతకుముందు వారానికి ఎనిమిది, తొమ్మిది వచ్చేవి."

"ఏమని వస్తుండె?"

"దుమ్ము పడుతోందని, నీళ్ళ ఊటకు వెళ్ళే దారికి కంచె వేశారని..."

"మరి దుమ్ము ఆగిందా? కంచె తీసిన్రా?"

ఫైలు మొదటి నుంచి చివరి దాకా తిరగేశాను. దుమ్మూ ఆగలేదు, కంచే తీయలేదు.

"మరి తిట్టుడు ఎందుకు బంద్ జేసిన్రు?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "తిట్టెటోడు ఇంక మనతోని మాట్లాడుతున్నట్టే బిడ్డా. ఏమన్న చేస్తరని ఆశ ఉంటదతనికి. నోరు మూసుకున్నడంటే మన తోటి పని లేదనుకున్నడు. అప్పుడు భయపడాలె" అన్నారు.

తర్వాత ఆ గని ఉద్యోగుల జాబితా అడిగి తీసుకున్నారు. నూట నలభై పేర్లు. ఒక్కొక్కటే వేలు పెట్టి చదువుతూ ఒకచోట ఆగారు. 'తిరుపతి, ఫోర్‌మన్, పేలుళ్ళ విభాగం.' ఆయన ముఖం విప్పారింది. "ఈయన మనోడే. జర ఫోను కలుపు."

మాకు మధ్యాహ్నమైతే అక్కడ ఉదయం. గనిలోని ఉపగ్రహ ఫోను నాలుగోసారికి కలిసింది. స్పీకర్ పెట్టాను.

"తిరుపతీ, నేను హైదరాబాద్ నుంచి మాట్లాడుతున్న. గోదావరిఖనిల వెల్ఫేర్ ఆఫీసర్ చేసిన రామచంద్రాన్ని."

మాట అక్కడికి చేరి తిరిగి రావడానికి రెండు క్షణాలు పట్టింది. ఆ తర్వాత వచ్చింది మాట కాదు, దాదాపు అరుపు. "సార్! మా నాయిన మందమర్రి గనిల చేసిండు సార్! మీ పేరు ఎన్నిసార్లు చెప్తుండెనో!"

రామచంద్రం గారు ప్రమాదం మాటే ఎత్తలేదు. ఏం తింటున్నావు, ఎవరు వండుతున్నారు అని అడిగారు. ఆ తర్వాత, "కూరగాయలు ఏడ కొంటున్నవ్?" అన్నారు.

"గేటు కాడ ఊరి ఆడోళ్ళు అమ్ముతుండె సార్. ఇప్పుడు వస్తలేరు. నెల కావస్తుంది."

"ఊర్ల పిల్లలు కనవడుతున్నరా?"

"లేరు సార్. మీరు అడిగినంక యాదికొస్తుంది. పిల్లల్ని, మేకల్ని ఏటి అవతలికి పంపిన్రంట."

"ఎవరన్న పెద్దమనిషి మీ కాడికి వచ్చిండా?"

"ఒక ముసలామె వచ్చింది సార్. సెలీనా అంటరు, ఊర్ల ఆమె మాటే మాట. ఊట తొవ్వ తెరువుమని మూడు దినాలు గేటు కాడ కూసుంది. మేనేజర్ కలవలే."

రామచంద్రం గారు పెన్సిల్ కింద పెట్టేశారు. "జాగ్రత్తగ ఉండు కొడుకా. మళ్ళ చేస్త."

మేమిద్దరం సోమేశ్వరరావు గారి గదికి వెళ్ళాం. విన్నదంతా ఆయనకు చెప్పాం. ఆ గని కంపెనీ కోరుకుంటున్నది తక్కువ మార్కు. అది చూపిస్తేనే గనికి బీమా మళ్ళీ దొరుకుతుంది. మాకున్న ఖాతాదారుల్లో పెద్దది కూడా అదే.

"మీ మాట మీద నాకు గౌరవం ఉందండీ. కానీ కూరగాయలు అమ్మేవాళ్ళు రావడం లేదని రిపోర్టులో రాస్తే వాళ్ళు నవ్వరా?" అన్నారాయన.

అప్పుడు రామచంద్రం గారు మాకు ఎన్నడూ చెప్పని సంగతి చెప్పారు. పదమూడేళ్ళ కిందట తాను పనిచేసిన చోట నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గని కోసం ఒక పల్లెను ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఊరివాళ్ళు నెలల తరబడి ఆయన ఆఫీసుకు వచ్చి అరిచారు. ఒక రోజు నుంచి రావడం మానేశారు.

"నేను ఖుషీ అయిన సార్. పైకి రిపోర్టు రాసిన, పరిస్థితి ప్రశాంతం అని. వారం దినాలకు తొవ్వ మీద రాళ్ళు, లాఠీలు. ఎల్లయ్య అని ఒక ముసలాయన పానం పోయింది. రోజూ నా బల్ల కాడికొచ్చి నన్ను తిట్టిపోయెటోడు. ఆయన ఎందుకు రాలేదని నేను ఒక్కనాడన్న అడగలే."

సోమేశ్వరరావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "రాయండి. నేనూ సంతకం పెడతాను" అన్నారు. ఆయన్ని అంతవరకూ లౌక్యం తెలిసిన వ్యాపారస్థుడనే అనుకునేదాన్ని.

మా రిపోర్టు చదివి మర్నాడు ఆ కంపెనీ డైరెక్టరు ఫోనులోకి వచ్చాడు. కోపంగా ఉన్నాడు. గేటు దగ్గరికి సైన్యాన్ని రప్పిస్తున్నామని, ఇక భయమేముందని అడిగాడు. రామచంద్రం గారు తన నిదానపు ఇంగ్లీషులో, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ జవాబిచ్చారు.

"సార్, సైన్యం వచ్చిన రోజు నుంచి మీరు ఆ సైన్యం తాలూకు మనుషులవుతారు. సైన్యానికి శత్రువులైన ప్రతివాళ్ళూ మీకూ శత్రువులే. ముందు కంచె తీయించండి. మీ మేనేజరును తుపాకులు లేకుండా, నడిచి ఆ ముసలావిడ ఇంటికి వెళ్ళమనండి. ఆమె ఏమన్నా విని రమ్మనండి. పనివాళ్ళను రోడ్డు తెరిచి ఉన్నప్పుడే బయటికి పంపండి."

"మీకు ఆధారం ఏముంది?"

"మూడు వారాలుగా మిమ్మల్ని ఎవరూ తిట్టలేదు సార్. నాకు అదే ఆధారం."

అవతల నవ్వు వినబడుతుందేమోనని నేను బిగుసుకుపోయాను. నవ్వలేదు. రేపు చెబుతానని పెట్టేశాడు.

వాళ్ళు మేం చెప్పినవాటిలో ఒక్కటి తప్ప అన్నీ చేశారు. సైన్యాన్ని వద్దన్నారు, కంచె తీయించారు. మేనేజరు సెలీనా ఇంటికి వెళ్ళి రెండు గంటలు కూర్చుని తిట్లు తిని వచ్చాడు. పనివాళ్ళను పంపడానికి మాత్రం ఒప్పుకోలేదు, ఉత్పత్తి ఆగుతుందని. రామచంద్రం గారు రోజు విడిచి రోజు ఫాక్సు పంపించేవారు, 'పనివాళ్ళను పంపండి' అని ఒకే వాక్యం. ఆ రోజుల్లో టిఫిన్ డబ్బా ఎన్నోసార్లు విప్పకుండానే ఇంటికి తీసుకెళ్ళారు.

డైరెక్టరుతో మాట్లాడిన పంతొమ్మిదో రోజున ఆ ప్రాంతంలోకి తిరుగుబాటుదారుల సాయుధ దళాలు దిగాయి. వార్తా సంస్థ టెలెక్స్‌లో రెండు వాక్యాలే వచ్చాయి. గని ఫోను మూగబోయింది. నాలుగు రోజులు ఏమీ తెలియలేదు. రామచంద్రం గారు ఉద్యోగుల జాబితా ముందేసుకుని కూర్చున్నారు. సోమేశ్వరరావు గారు మిగతా పనులన్నీ పక్కన పెట్టించి, మా చేత ఆ చుట్టుపక్కల ఎంబసీలన్నింటికీ ఫోన్లు చేయించారు.

ఐదో రోజు మధ్యాహ్నం పొరుగు దేశం సరిహద్దు నుంచి కబురు వచ్చింది. గని తగలబడింది. యంత్రాలు, ఆఫీసు, ఏదీ మిగల్లేదు. నూట నలభై మందీ బతికే ఉన్నారు.

ఆ వార్త చదివింది నేనే. తలెత్తి చూసేసరికి రామచంద్రం గారు కిటికీ వైపు తిరిగి, చొక్కా చేతితో ముఖం తుడుచుకుంటున్నారు. ఆయన్ని చూసి చాటుగా నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మిగతా కథ తిరుపతి నోటే విన్నాం. మే నెలలో అతను బేగంపేట విమానాశ్రయంలో దిగినప్పుడు మేం ముగ్గురం వెళ్ళాం. నలభై ఏళ్ళ మనిషి, ఒక్క సంచితో వచ్చాడు. రామచంద్రం గారి కాళ్ళకు దండం పెట్టబోతే ఆయన పట్టి లేపి కావలించుకున్నారు.

"తెల్లారకముందే ఊరోళ్ళు వచ్చి లేపిన్రు సార్. పెద్ద రోడ్డు మీద తుపాకులోళ్ళు కాపలా ఉన్నరని చెప్పిన్రు. ఊట తొవ్వ పట్టి గుట్ట దాటించిన్రు. సెలీనా ముంగట నడిచింది. మేనేజర్ కాలు బెణికితే ఆమె మనుమలే ఎత్తుకొచ్చిన్రు."

"ఆమె ఏమైంది?" అన్నారు రామచంద్రం గారు.

తిరుపతి తల దించుకున్నాడు. "మమ్ముల ఏరు దాటించి వెనుకకు పోయింది సార్. ఇంక ముసలోళ్ళు ఉన్నరు, తోలుకొస్త అన్నది."

మర్నాడు రామచంద్రం గారు అందరికంటే ముందు ఆఫీసుకు వచ్చి, సరిహద్దులో శరణార్థి శిబిరాలు నడిపే సంస్థల నంబర్లు వెతకమన్నారు. ఇది మా పని కాదని ఎవరూ అనలేదు. పదకొండు రోజులు పట్టింది. చివరికి ఒక నర్సు ఫోనెత్తి, సెలీనా పేరు రెండుసార్లు అడిగి, ఉండమని వెళ్ళింది. తిరిగి వచ్చి చెప్పింది. సెలీనా అక్కడే ఉంది, మరో ఇరవై మూడు మంది ముసలివాళ్ళతో. మోకాళ్ళు వాచాయి, మందు ఇస్తున్నారు.

"ఆమెను ఏమన్న కావాల్నా అని అడుగుమను బిడ్డా" అన్నారు రామచంద్రం గారు. అడిగాను. నర్సు నవ్వి చెప్పింది, దుప్పట్లు కావాలట, ఆమెకు కాదు, శిబిరంలో ఉన్న పిల్లలకు.

ఆ సాయంత్రమే ఆయన గని కంపెనీ డైరెక్టరుకు ఉత్తరం రాశారు. మీ మనుషుల్ని నడిపించి తెచ్చినవాళ్ళు ఫలానా శిబిరంలో ఉన్నారు, వాళ్ళకు దుప్పట్లు కావాలి, ఎన్ని పంపారో నాకు తెలియజేయండి అని. టైపు చేసింది నేను. డైరెక్టరు మూడో రోజే ఫోన్ చేశాడు. లారీ బయలుదేరిందని చెప్పాడు.