ఎర్రకన్ను అంజూర

సోమవారం నుంచి మా ఆవిడ చెలెస్తీనాకు కీమో మొదలు. నోటికి రుచి తెలియకుండా పోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. జుట్టు ఊడుతుందన్న దిగులు ఆవిడకు లేదు. "ఈ ఏడు అంజూర తినకుండానే నా నాలుక చచ్చిపోతుందా?" అని ఒకటే గొడవ. పెరట్లో కాయలు పండటానికి పదిహేను రోజులు పడుతుంది. మాకున్నవి తొమ్మిది.

మా ఊళ్లో దీనికో ఉపాయం ఉంది. కాయ అడుగున కన్నులా ఉండే చిన్న రంధ్రం మీద గడ్డిపరకతో చుక్క ఒలీవ నూనె అద్దితే వారంలో పండుతుంది. అది ఆడవాళ్ల పని. నలభై రెండేళ్ల కాపురంలో నేనెప్పుడూ చెయ్యలేదు. అసలా పండే నాకు పడదు, గింజలు పళ్ల కింద ఇసుకలా తగులుతాయి. కానీ ఇప్పుడావిడ నిచ్చెన ఎక్కే స్థితిలో లేదు.

పురుగుమందుల కొట్లో పనిచేసే మేనల్లుడు పంతాలెయో ఆ పూటే వచ్చాడు.

"మామయ్యా, ఇథిలీన్ అనే వాయువు పుడితేనే కాయ పండేది. నూనె పడితే కాయ దాన్ని తనే పుట్టిస్తుంది. మా దగ్గర సీసాలో ఉన్న మందూ ఆ వాయువునే వదులుతుంది, టొమాటో తోటలకు కొడతారు. తెచ్చివ్వనా?"

"వద్దు నాయనా, సోమవారం నుంచి నాకెలాగూ మందులే," అంది చెలెస్తీనా.

నేను నిచ్చెన ఎక్కాను. ఆవిడ కుర్చీలోంచి కేకలు.

"కన్ను ఎర్రబడ్డవాటికే పెట్టు! పచ్చకన్ను జోలికి పోకు!"

"నాకు తెలీదా?"

వెతికితే ఎర్రకన్ను కాయ ఒక్కటే దొరికింది. ఒక్కటంటే నా మనసొప్పలేదు. కాస్త పెద్దగా కనిపించిన కాయలన్నిటికీ బొటనవేలితో నూనె పట్టించాను, ఇరవై మూడింటికి. దిగి, "అన్నీ ఎర్రకళ్లే" అని అబద్ధమాడాను.

కీమోకు ముందురోజు, ఆదివారం పొద్దున్న చూస్తే ఇరవై రెండు రాళ్లలా ఉన్నాయి. ఎర్రకన్నుది మాత్రం మెడ వాల్చి మెత్తబడింది. దాన్ని తెచ్చి చేతిలో పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. నాకు ఏడుపొచ్చింది.

"పిచ్చి మొహమా! నువ్వు తొందరపడితే సరా? కాయ కూడా సిద్ధపడాలి," అని నవ్వుతూనే తిట్టింది. తర్వాత పండును రెండుగా చీల్చి సగం నాకిచ్చింది.

"నాకొద్దే, నువ్వు తిను."

"తిను. రేపట్నుంచి ఇదెలా ఉండేదో నేనడిగితే చెప్పేవాడొకడు ఉండొద్దూ?"

నోట్లో వేసుకున్నాను.

"ఎలా ఉంది?"

"తియ్యగా ఉంది."

"ఆ ముక్క ఎవడైనా చెప్తాడు. సరిగ్గా చూసి చెప్పు."

నేను కళ్లు మూసుకుని, గింజ గింజా నెమ్మదిగా నమిలాను.