చాయ్‌కి పోయినోళ్లు

నాచారం కంపెనీల నడుమ ఉన్న ఆ ట్రస్టు దవాఖానాలో సాంబయ్య పదకొండేళ్లుగా ఓపీ గుమ్మం దగ్గర నిలబడుతున్నాడు. పేరుకు అటెండరు. వచ్చినవాళ్ల నంబరు చీటీలు అందుకుని, వరుసగా పేర్చి, లోపల సిస్టర్ భాగ్యశ్రీకి ఇవ్వడం పని. చీటీ అందుకునేటప్పుడు మనిషిని ఒకసారి కింది నుంచి పైదాకా చూసేవాడు. నడక, గోళ్లు, పెదవులు, ఊపిరి. అనుమానం తగిలితే చీటీ మూల చిన్నగా మడిచేవాడు. మడత ఉన్న చీటీని భాగ్యశ్రీ పైకి తీసి ముందు పంపేది. దీని గురించి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. అదే కుదిరిపోయింది.

వెంకటనర్సమ్మ ఒక్కతే దాన్ని పట్టేసింది. చెంగిచెర్ల నుంచి నెలనెలా బీపీ గోలీల కోసం వచ్చేది. డబ్బాల కంపెనీలో ప్యాకింగ్ పని. నోరు ఊరుకునేది కాదు.

“నా చీటీ ఎప్పుడు మడవవేందన్నా? నేనేమన్న సవతి బిడ్డనా?”

“హాలంత ఇనబడేటట్టు ఒర్లుతున్నవ్. నీకేం రోగం, పొయ్యి కూసో.”

“నోరున్నందుకు శిక్షనా గిది!” అని నవ్వుకుంటూ పోయి కూర్చునేది.

మూడేళ్ల కిందట ఎవరో ఫిర్యాదుల పెట్టెలో కాగితం వేశారు, సాంబయ్య తన ఊరివాళ్లను ముందు పంపుతున్నాడని. ఆ రోజు ముందు పోయిన మనిషిది ఏ ఊరో కూడా అతనికి తెలియదు. సూపరింటెండెంట్ అడిగినప్పుడు మడత సంగతి చెప్పలేదు. డాక్టరువా నువ్వు, అంటారని భయం. శిక్షగా మూడు నెలలు స్టోరులో సెలైన్ పెట్టెలు మోశాడు.

పోయిన వానాకాలం, జనం ఎదురుచూపు తగ్గించే దారి చూడడానికి గౌతమి అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. ఆఫీసు ఉప్పల్‌లో. దవాఖానా మొత్తాన్ని కంప్యూటర్లో కట్టింది. తలుపులు, కుర్చీలు, డాక్టర్లు, మనుషులకు బదులు పచ్చ చుక్కలు. దాన్ని సిమ్యులేషన్ అంటారట.

“ఏ మార్పైనా ముందు ఇందులో చేసి చూస్తాం అంకుల్. తప్పైతే చుక్కలకే కష్టం, మనుషులకు కాదు,” అంది.

తొమ్మిది రోజులు సాంబయ్య పక్కనే స్టూలు వేసుకుని, ఎవరు ఎప్పుడొచ్చారు, ఎప్పుడు లోపలికెళ్లారు అన్నీ రాసుకుంది. పదో రోజు అడిగింది.

“నలభై ఒకటో నంబరు పదిహేడు కన్నా ముందు వెళ్లింది. రోజూ ఐదారు ఇలాగే ఉన్నాయి. ఎందుకు?”

సాంబయ్య కళ్ల ముందు సెలైన్ పెట్టెలు కదిలాయి. “ముందలోళ్లు చాయ్‌కి పొయ్యింటరు మేడం. పిలిస్తె లేకుంటె తర్వాతోళ్లు పోతరు.”

“మీరేమైనా చూసి పంపిస్తారా? పంపిస్తే మంచిదే, అది కూడా రాసుకోవాలి.”

“నాకేం తెలుస్తది మేడం. లైనంటె లైనే.”

లోపల భాగ్యశ్రీ బీపీ పట్టీ చుడుతూ తల ఎత్తలేదు.

వారం తర్వాత గౌతమి తెర చూపించింది. పచ్చ చుక్కల్లో అప్పుడప్పుడు ఒకటి గుమ్మం దాటి బయట కాసేపు ఆగి వచ్చేది. “వీళ్లు మీ చాయ్ వాళ్లు,” అని నవ్వింది. సాంబయ్య కూడా నవ్వాడు.

మార్పులు మంచివే వచ్చాయి. చీటీలు పోయి టోకెన్ మిషన్ వచ్చింది, నంబర్ల బోర్డు వచ్చింది, బీపీ చూడడానికి రెండో బల్ల వచ్చింది. రెండున్నర గంటలు కూర్చునే జనం యాభై నిమిషాల్లో బయటపడుతున్నారు. బయటికి పోకుండా హాల్లోనే చాయ్ పెట్టించారు. సాంబయ్యకు మిషన్ మీద బటన్ ఎక్కడుందో చూపించడమే మిగిలింది.

కార్తీకంలో ఒక మంగళవారం వెంకటనర్సమ్మ వచ్చింది. టోకెన్ అరవై మూడు. బోర్డు మీద ముప్పై ఎనిమిది. ఎగతాళి మాట ఒక్కటీ లేదు. కుర్చీ దగ్గరికి నడుస్తుంటే కుడికాలి చెప్పు జారిపోయింది. అది తెలియక అట్లాగే నాలుగడుగులు వేసింది.

సాంబయ్య చెప్పు తెచ్చి ఆమె కాలి దగ్గర పెట్టాడు. “ఏమైందమ్మా?”

“ఏం లేదన్నా, జర నీరసం.” నాలుక బరువుగా కదిలింది.

గబగబా భాగ్యశ్రీ దగ్గరికి పోయాడు. “నంబరు రాంది నేనేం జేస్తనన్నా? సూపరింటెండెంట్ సార్ చెప్తెనే ముందల తీస్కుంటరు. పోయి చెప్పు,” అందామె.

సూపరింటెండెంట్ గది ముందు చాలాసేపు నిలబడ్డాడు. నీకెట్ల తెలుసు అంటారు. ఇన్నాళ్లు ఇట్లనే పంపినవా అంటారు. మరి ఆ అమ్మాయికి చాయ్ అని ఎందుకు చెప్పినవ్ అంటారు. తలుపు మీద చెయ్యి వేసి తీసేశాడు. వెనక్కి వస్తే బోర్డు మీద యాభై. ఇంకా పదమూడే కదా అనుకున్నాడు.

అరవై మూడు పిలిచేసరికి ఆమె లేవలేకపోయింది. అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. పొద్దుననే మొదలైన పక్షవాతం అన్నారు. రాగానే చూసి పంపితే ఇంజెక్షన్ పనిచేసేదని, ఆ సమయం కాస్తలో దాటిపోయిందని అన్నారు. ప్రాణం నిలిచింది. కుడిచెయ్యీ మాటా పోయాయి. చూడడానికి చెంగిచెర్ల పోతే ఆమె సాంబయ్యను గుర్తుపట్టి ఎడమచేత్తో కూర్చోమని సైగ చేసింది. అతను కూర్చోలేకపోయాడు.

మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కి ఉప్పల్‌లో గౌతమి ఆఫీసుకు పోయాడు. నిలబడే మొత్తం చెప్పాడు. మడత, పెట్టెలు, చాయ్, చెప్పు. ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది.

“ఏమేం చూసి మడుస్తారు అంకుల్?”

“చెప్పు జారినా తెల్వక నడిసెటోళ్లు. చెమటలు బట్టి చెయ్యి సల్లగున్నోళ్లు. దమ్మాడకున్నా ఏం లేదు అనెటోళ్లు. రోజు మాట్లాడెటోళ్లు మాట్లాడకుంటె…”

ఆమె రాసుకుంది. చాయ్ వాళ్లను తీసేసింది. రోజుకు ఆరుగురు గుమ్మం నుంచే నేరుగా డాక్టరు దగ్గరికి పోయేటట్టు పెట్టి నడిపించింది. చుక్కలు కదిలాయి, ఆగాయి. కింద ఒక అంకె వచ్చింది.

“ఏమంటుంది బిడ్డా?”

“మిగతావాళ్లు ఒక్కొక్కరు నాలుగు నిమిషాలు ఎక్కువ కూర్చోవాలి.”

“నాలుగేనా?”

“నాలుగే అంకుల్. రేపే ఆసుపత్రివాళ్లతో మాట్లాడతాను. ఇకమీద మీరే చూసి పంపండి.”

సాంబయ్య తెర వైపే చూస్తున్నాడు. “ఇంకోసారి నడిపియ్యి బిడ్డా.”

నడిపించింది. ఈసారి నాలుగు నిమిషాల కన్నా తక్కువే వచ్చింది.