డెబ్బై ఏడో క్యాను

ఆగండాగండి, అప్పుడే లేవకండి! ఈ పిల్ల సంగతి మొత్తం విని అప్పుడు వెళ్దురుగాని.

ఎనిమిదో తరగతిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. అందరికీ ఆమె ఆవులింతే. లెక్కల పీరియడ్ మొదలైన ఐదో నిమిషానికి నోరు తెరిచేది, అంతే! ఆ ఆవులింత బెంచీ బెంచీ దాటుకుంటూ చివరి వరుస దాకా పాకేది. అక్కడ బ్యాగు మీద తల వాల్చి పడుకునే స్నేహితురాలు ఒకతె ఉండేది. ఆమె పేరు దిండు. ఇక చెప్పేదేముంది!

మొదట్నుంచీ ఇలా లేదు. ఏడాది మొదట్లో ఈ పిల్ల ప్రశ్నలతో చంపేసేది. అంతా చెడగొట్టింది ఒక నీలం నోట్‌బుక్.

అది పన్నెండేళ్ళ కిందట స్కూల్ ఫస్ట్ వచ్చిన అమ్మాయిది. లెక్కల మాస్టారు ఏటా అందులోంచే చదువుతారు, పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో అవే లెక్కలు వస్తాయి. జవాబు నోట్‌బుక్‌తో కలిస్తే పూర్తి మార్కులు. అందులో ఒక గుండ్రటి నీళ్ళ ట్యాంకు ఉంది. అడ్డంగా నూట నలభై సెంటీమీటర్లు, ఎత్తు వంద. ఎన్ని లీటర్లు పడతాయి? నోట్‌బుక్ జవాబు ఆరువేల నూట అరవై.

మన పిల్లకి పదిహేను వందల నలభై వచ్చింది. ఆమె తల్లి ప్లంబరు. సెలవొస్తే పనిముట్ల సంచీ మోస్తూ తల్లి వెంట ఎన్ని మేడలెక్కిందో! నడుం దాకా వచ్చే ట్యాంకులో ఆరువేల లీటర్లా? లేచి నిలబడింది.

"సార్, అంత పట్టదు సార్."

"నోట్స్‌లో ఏముంది?"

"ఆరువేల నూట అరవై."

"మరి అదే రాయి. కూర్చో."

ఆమె మాత్రం పరీక్షలో పదిహేను వందల నలభై అనే రాసింది. ఎర్ర సిరాతో సున్నా వచ్చింది. ఆ రోజు నుంచే ఆవులింతలు. తర్వాతి రెండు పరీక్షల్లో పేరు తప్ప ఇంకేమీ రాయలేదు.

చివరికి హెడ్ మేడమ్, మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని, తల్లిని పిలిపించింది. తల్లి పనిలోంచి నేరుగా వచ్చేసింది. చొక్కా చేతులు తడి, జేబులో కొలిచే టేపు.

"మీ అమ్మాయికి చదువు మీద ధ్యాసే లేదమ్మా. పేరు కొట్టేస్తున్నాం, ఇదిగో ఉత్తరం. ఇంకో బడి చూసుకోండి."

పిల్లకి బడంటే విసుగే, కానీ దిండుని వదిలి ఎక్కడికి పోతుంది?

"ఏమే," అంది తల్లి, "ఇంట్లో కుళాయి కారితే ఎందుకు కారిందని గంటసేపు నా బుర్ర తింటావు. ఇక్కడేం రోగం?"

పిల్ల సున్నా కాగితం తీసి ఇచ్చింది. తల్లి చదివింది. ఇంకోసారి చదివింది. పకపకా నవ్వేసింది.

"మాస్టారూ, ఈ ట్యాంకులో ఆరువేల లీటర్లు పోస్తే మీ మేడ మెట్లన్నీ జలపాతమేనండీ!"

"పన్నెండేళ్ళుగా ఇదే జవాబమ్మా," అన్నారు మాస్టారు, మొహం మాడ్చుకుని.

"మీ మేడ మీది ట్యాంకు పొద్దున్నే కడిగాను. టేపు పెట్టి కొలిచాను కూడా, ఇదే సైజు, ఖాళీగానే ఉంది. పోసి చూద్దామా?"

"మీ అమ్మాయి లెక్క తప్పయితే?" అంది హెడ్ మేడమ్.

పిల్లే జవాబిచ్చింది. "నా పేరు కొట్టేయండి మేడమ్."

ఇంకేముంది! క్లాసంతా మేడ మీదికి. ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగు. మాస్టారి లెక్క ప్రకారం మూడు వందల ఎనిమిది సార్లు పోయాలి, పిల్ల లెక్క ప్రకారం డెబ్బై ఏడు. నేరుగా మోటారు నీళ్ళొచ్చే మేడ మీది కుళాయి దగ్గర నింపడం, చేతులు మార్చుకుంటూ అందించడం, పోయడం. "నలభై! నలభై ఒకటి!" అని అందరూ కలిసి అరవడం. దిండు అందరికంటే గట్టిగా!

డెబ్బై నాలుగు. డెబ్బై ఐదు. డెబ్బై ఆరు... నీళ్ళు అంచు తాకి బయటికి దూకాయి.

కేకలు! ఈలలు! పిల్ల మాత్రం బిగుసుకుపోయింది. డెబ్బై ఏడో క్యాను నిండుగా అలాగే చేతిలో ఉంది. ఒకటి తగ్గింది!

అప్పుడు చాన్నాళ్ళుగా ఆ క్లాసులో ఎవరూ వినని మాట వినపడింది. అన్నది దిండు.

"ఒకటి ఎందుకు మిగిలింది?"

"ఒలికి ఉంటుంది," ఎవరో అన్నారు.

"ఒలికితే ఇంకా ఎక్కువ పట్టాలి కదే మొద్దూ!"

"లెక్క తప్పిందేమో!"

"నేను గీతలు పెట్టాను, చూసుకో!"

అందరూ ఒకేసారి మాట్లాడేస్తున్నారు. పిల్ల ట్యాంకు అంచుని వేలితో తడిమింది. కళ్ళు మెరిశాయి.

"అమ్మా, టేపు బయటినుంచి పెట్టి కొలిచావా?"

"బయటినుంచేనే."

"గోడ మందం! లోపల కొంచెం తక్కువ ఉంటుంది సార్, అందుకే!"

మాస్టారు సుద్దముక్క తీసి ట్యాంకు మీదే లెక్క వేశారు. చివర్లో నవ్వారు. ఆయన పళ్ళు పిల్లలు చూడటం అదే మొదటిసారి!

"సగం అడ్డం తీసుకోవాల్సిన చోట మొత్తం తీసుకుంది ఆ నోట్‌బుక్ రాసిన అమ్మాయి. చూడకుండా పన్నెండేళ్ళు చదివింది నేను. సున్నా నీది కాదమ్మా, నాది."

హెడ్ మేడమ్ చేతిలోని ఉత్తరం నాలుగు ముక్కలైంది. దిండు అయితే పిల్లని ఎత్తి గిరగిరా తిప్పేసింది. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

మర్నాడు మాస్టారు నీలం నోట్‌బుక్ తెచ్చి పిల్ల బెంచీ మీద పెట్టారు. "ఇది నీది. ఏం చేస్తావో నీ ఇష్టం." చింపెయ్యమని క్లాసంతా గోల. ఆమె మొదటి పేజీ తెరిచి, పెన్సిల్ చెవి మీద పెట్టుకుంది. "ఇందులో ఇంకెన్ని తప్పులున్నాయో పట్టేద్దాం, రండే!" అంది. బెంచీ చుట్టూ ముప్పై తలలు గుమిగూడాయి. ఆ రోజు ఒక్క ఆవులింత లేదు, ఒట్టు!

మరి ఆ నోట్‌బుక్ మీ చేతికిచ్చి ఉంటే, మీరేం చేసేవారు?